కావలి ఎండలో బ్రెడ్డు పిండి

(కావలిలో మహిళల వంట శిక్షణ ముగింపు రోజున చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, ఇంత ఎండలో వచ్చిన అక్కచెల్లెళ్లకు కృతజ్ఞతలు. ఇంట్లో బ్రెడ్డు చేయడం గురించి మాట్లాడమన్నారు. కొలతలు మీ చేతిలో కాగితంలో ఉన్నాయి, వాటి జోలికి పోను. నా బాధంతా అందులోని ఒక్క మాట మీదే: ‘పిండిని గంటన్నర పొంగనివ్వాలి.’

ఏ ఊరి వంటింటికండీ ఆ గంటన్నర? 24 డిగ్రీలుండే చోట సరిపోతుంది. రోహిణి కార్తెలో మన వంటిల్లు అలా ఉంటుందా? ఈస్ట్ ప్రాణమున్న జీవి. వెచ్చగా ఉంటే పిండిలోని చక్కెరను గబగబా తిని గాలి వదులుతుంది. 35 డిగ్రీలు దాటితే అరగంట, ముప్పావుగంటకే పిండి రెట్టింపు కావచ్చు.

మా వీధిలో ఒక కొత్త కోడలు వీడియోలో చెప్పినట్టే గంటన్నర ఆగింది. పిండి పులిసి జారిపోయింది. ‘మైదా అంతా దండగ చేసింది, చేతకాదు’ అన్నారు ఇంట్లో. పిండి పారబోసింది, మళ్లీ ఓవెన్ ముట్టలేదు. ఆ పిల్ల తప్పేముందమ్మా? ఇడ్లీ పిండి పులిసిందా లేదా అని మీలో ఎవరైనా గడియారాన్ని అడుగుతారా? మూత తీసి చూస్తారు. మరి దీనికెందుకు గడియారం?

రాసుకోండి. పిండిని పక్కలు నిలువుగా ఉన్న గాజు డబ్బాలో పెట్టి, పిండి ఎంత ఎత్తు వరకు ఉందో అక్కడ డబ్బా చుట్టూ రబ్బరు బ్యాండు వేయండి. రెట్టింపు ఎత్తుకు వచ్చాక వేలికి పొడిపిండి అద్దుకుని అర అంగుళం నొక్కండి. గుంట అలాగే నిలిస్తే మొదటి పొంగు అయినట్టే. టిన్నులో పెట్టాక రెండోసారి పొంగేటప్పుడు మాత్రం లెక్క వేరు. అప్పుడూ వేలితో నొక్కి చూడండి. గుంట వెంటనే పైకి లేస్తే ఇంకా ఆగాలి. మెల్లగా లేచి కొంచెం గుంట మిగిలితే ఓవెన్లో పెట్టేయండి. అసలు లేవకపోతే ఆలస్యమైనట్టు.

అన్నట్టు, గోధుమపిండి ఎక్కువ కలిపితే రెట్టింపు కోసం చూడొద్దు, తవుడు వల్ల అంత పొంగదు. ఎండాకాలం గోరువెచ్చని నీళ్లూ వద్దు, కుండ నీళ్లతో కలపండి.

ఆలస్యమైనా పారబోయకండమ్మా. గాలి తీసి, మళ్లీ ముద్ద చేసి టిన్నులో పెట్టండి, ఈసారి తొందరగా పొంగుతుంది, కనిపెట్టుకుని ఉండండి. మరీ పుల్లటి వాసన వస్తే నూనె రాసిన పళ్లెంలో పల్చగా పరిచి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి చల్లి కాల్చుకోండి.