క్వార్టర్‌బ్యాక్ ఊరు మారడం వెనుక జీతాల లెక్క

శ్రోతలకు నమస్కారం.

2019 జూన్‌లో జాక్ కొలారోస్ కెనడా ఫుట్‌బాల్ లీగ్‌లో సస్కాచెవాన్ జట్టు క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరే ఆటగాడు. సీజన్ మొదటి మ్యాచ్‌లోనే తలకు దెబ్బ తగిలింది. జట్టు అతన్ని టొరంటోకి పంపేసింది. అక్కడ ఒక్క మ్యాచైనా ఆడకుండానే అక్టోబరులో విన్నిపెగ్ చేరాడు. నవంబరులో విన్నిపెగ్‌కి లీగ్ విజేతకిచ్చే గ్రే కప్ గెలిచిపెట్టాడు. 1990 తర్వాత అప్పటిదాకా ఆ ఊరి జట్టు ఆ కప్పు గెలవనే లేదు.

కెనడా ఫుట్‌బాల్ అంటే సాకర్ కాదు. కోలగా ఉండే బంతిని చేత్తో విసురుతూ, పట్టుకుని పరిగెడుతూ ఆడే ఆట. బంతి విసిరేది క్వార్టర్‌బ్యాక్. పది గజాలు ముందుకు పోవడానికి అమెరికాలో నాలుగు అవకాశాలిస్తే కెనడాలో మూడే ఇస్తారు. అందుకే విసిరే చెయ్యి మీద అంత భారం పడుతుంది.

మరి ఆ చేతికి ఎంత ఇవ్వాలి? 2023లో ఒక జట్టు తన ఆటగాళ్లందరికీ కలిపి ఇవ్వగలిగింది 54 లక్షల 50 వేల కెనడియన్ డాలర్లు. దాటితే జరిమానా. లక్షకు మించి దాటితే డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట, మొదటి రౌండ్ ఎంపిక కూడా పోతుంది. అమెరికాలో డాలస్ జట్టు 2024లో క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ ఒక్కడికే ఏడాదికి సగటున 6 కోట్ల అమెరికన్ డాలర్లకు ఒప్పుకుంది. కెనడాలోని తొమ్మిది జట్ల పరిమితులు కలిపినా అంత రాదు!

ఇంత చిన్న సంచిలోంచి పేరున్న క్వార్టర్‌బ్యాక్‌కి 5, 6 లక్షలు ఇవ్వాలి. అంటే దాదాపు పదో వంతు. 2023లో ఆటగాడి కనీస జీతం 70 వేలు కాబట్టి, ఆ 6 లక్షలతో ఎనిమిది మంది కుర్రాళ్లను పెట్టుకోవచ్చు. ఇక ఇద్దరు పేరున్నవాళ్లను ఒకే జట్టులో ఉంచుకోవడం ఎలా కుదురుతుంది?

నాకు మ్యాట్ నికల్స్ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. 2019లో విన్నిపెగ్‌ని ముందంజలో నిలిపింది అతనే. ఆగస్టులో భుజానికి గాయమైంది. అతని చోటులోకి చివరికి కొలారోస్ వచ్చాడు, కప్పు వచ్చింది. 2020 మొదట్లో జట్టు కొలారోస్‌తో ఒప్పందం చేసుకుని నికల్స్‌ని వదిలేసింది. అతను టొరంటోకి వెళ్లాడు. చెడ్డగా ఆడాడని కాదు, ఇద్దరికీ సరిపడా డబ్బు లేదు.

వాంకూవర్ జట్టు బీసీ లయన్స్‌లోనూ ఇదే జరిగింది. నేథన్ రోర్క్ కెనడాలో పుట్టినవాడు. 2022లో కొత్త ఆటగాడి చిన్న జీతం మీదే గొప్పగా ఆడాడు. మరుసటి ఏడాది అమెరికా వెళ్లిపోయాడు. ఆ 2023లో బీసీ లయన్స్ తరఫున వెర్నన్ ఆడమ్స్ లీగ్‌లో అందరికంటే ఎక్కువ పాస్ గజాలు, అంటే విసిరిన బంతులతో జట్టును ముందుకు నడిపిన దూరం, సాధించాడు. 2024 ఆగస్టులో రోర్క్ తిరిగొచ్చాడు, ఈసారి లీగ్‌లోని అతి పెద్ద ఒప్పందాల్లో ఒకదానితో. సీజన్ ముగిశాక ఆడమ్స్ కాల్గరీకి వెళ్లాడు.

ఇలాంటివి ఎక్కువగా చలికాలంలోనే ఎందుకు జరుగుతాయంటే, చాలా ఒప్పందాల్లో ఒక బోనస్ తేదీ ఉంటుంది. ఆ రోజుకి ఆటగాడు జట్టులో ఉంటే డబ్బు ఇవ్వాల్సిందే. అందుకని ఆ తేదీ రాకముందే తేల్చేస్తారు. ఆటగాడి ఇంట్లో ఆ రోజుల్లో ఎంత టెన్షన్ ఉంటుందో! పిల్లల బడి, అద్దె ఇల్లు, అన్నీ ఆ ఒక్క ఫోన్ కోసం ఆగిపోతాయి.

ఊరు మారకుండా ఉండే దారి ఒకటుంది, జీతం తగ్గించుకోవడం. కాల్గరీకి రెండు గ్రే కప్‌లు తెచ్చిన బో లెవై మిచెల్ తర్వాత హామిల్టన్ చేరాడు. మొదటి ఏడాది గాయాలతోనే గడిచిపోయింది. 2024కి ముందు ఒప్పందాన్ని తిరగరాసి తక్కువకు ఒప్పుకున్నాడు. మధ్యలో కొన్నాళ్లు బెంచీ మీద కూర్చోబెట్టినా, సీజన్ పూర్తయ్యేసరికి 5,400కి పైగా పాస్ గజాలు, 32 టచ్‌డౌన్ పాస్‌లు (నేరుగా పాయింట్లు తెచ్చే పాస్‌లు) సాధించాడు. రెండింట్లోనూ లీగ్‌లో మొదటి స్థానం అతనిదే. హామిల్టన్ మాత్రం ఆ ఏడాది ప్లేఆఫ్స్‌కి, అంటే కప్పు కోసం చివర్లో జరిగే నాకౌట్ మ్యాచ్‌లకి, చేరలేదు.