కాలు అంటే లెగ్గా, ఫుట్టా? 120 రూపాయల స్పోకెన్ ఇంగ్లీష్ పుస్తకం రివ్యూ

నమస్తే అండీ. శ్రీకాకుళం నుంచి మాట్లాడుతున్నాను. వెనకాల ఫ్యాన్ చప్పుడు వినిపిస్తే సర్దుకోండి, అది ఆపితే ఈ ఉక్కలో నేను కూర్చోలేను.

పోయిన వారం మిక్సీ చూపించాను, ఈ వారం పుస్తకం. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఒక షాపులో 120 రూపాయలు పెట్టి కొన్నాను. రోజూ మాట్లాడే ఇంగ్లీషు నేర్పే పుస్తకం. అట్ట ఎందుకు చూపించట్లేదంటే, ఇలాంటివి నాలుగైదు తిరగేశాను, అట్ట మీద పేరు మారుతుంది గానీ లోపలి సరుకు దాదాపు ఒకటే. మొత్తం చదవలేదు, చదువుతానని మాటా ఇవ్వను. ఇందులో అనారోగ్యం, గాయాలు అని 14 పేజీల చాప్టర్ ఒకటుంది. దాని కోసమే కొన్నాను. కారణం మా అమ్మ మడమ.

కిందటేడు అమ్మను తమిళనాడులో ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఆమదాలవలసలో రైలెక్కాం, మర్నాటికి చేరాం. డాక్టర్ గారికి తెలుగు రాదు, మాకు తమిళం రాదు. మధ్యలో నేనూ, నా డిగ్రీ ఇంగ్లీషూ. "లెగ్ పెయిన్ సర్, సిన్స్ సిక్స్ మంత్స్" అని దర్జాగా చెప్పాను. ఆయన అమ్మ మోకాలు వంచి చూశారు. పిక్క నొక్కారు. తొడ నొక్కారు. మోకాలికి ఎక్స్‌రే రాయబోతున్నారు. అమ్మ నా వైపు తిరిగి, "ఏటిరా, ఈ బాబు మోకాలు ఒత్తుతాడేటి?" అంది. ఇంక నన్ను నమ్ముకోలేక తనే చెప్పు విప్పింది, చీర అంచు కాస్త పైకి లాగింది, చూపుడు వేలితో మడమ మధ్యలో పొడిచి చూపించింది. "ఇక్కడ బాబూ. పొద్దున్నే లేచి అడుగేస్తే మేకు దిగినట్టుంటాది."

ఆ మాట నేను ఇంగ్లీషులోకి తిప్పేలోపే ఆయనకు అర్థమైపోయింది. "ఆ... హీల్!" అన్నారు.

మనకు తుంటి దగ్గర్నుంచి బొటనవేలి దాకా అంతా కాలే. ఇంగ్లీషులో చీలమండ దగ్గర గీత గీసి పైది లెగ్, కిందది ఫుట్ అంటారు. లెగ్ అని చెప్పాక డాక్టర్ మడమ ఎందుకు చూస్తాడు? చెయ్యి సంగతీ అంతే, మణికట్టుకు పైన ఆర్మ్, కింద హ్యాండ్. వేలు చేతిదైతే ఫింగర్, కాలిదైతే టో. పుస్తకంలో ఇదెలా ఉందో చూడండి, 61వ పేజీ. కెమెరా దగ్గరికి పెడుతున్నాను. "కాలు: లెగ్. చెయ్యి: హ్యాండ్. వేలు: ఫింగర్." అంతే. మనిషి బొమ్మ ఒకటి వేసి బాణం గుర్తులు పెడితే అరపేజీలో తేలిపోయే పని. బొమ్మ వెయ్యలేదు గానీ, ఆ చోటులో జబ్బుల పేర్లు 40 దాకా వేశారు. అందులో మశూచి కూడా ఉంది. ప్రపంచంలోనే మశూచి లేదని 1980లో ప్రకటించారండీ. నాకు మశూచి వచ్చిందని ఇంగ్లీషులో ఎవరికి చెప్పుకోవాలి ఇప్పుడు? అదే లిస్టులో డయాలసిస్ లేదు, స్టెంట్ లేదు. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న మన ఉద్దానంలో కవిటి, సోంపేట వైపు వెళ్ళి ఏ అరుగు మీద కూర్చున్నా, కిడ్నీల పని చూసే రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎంత ఉందన్న మాట వినిపిస్తుంది. బడికి వెళ్ళని పెద్దవాళ్ళ నోట్లో కూడా నలిగిన మాట అది. ఈ పుస్తకం రాసినవాళ్ళకు మాత్రం అందలేదు.

ఉచ్చారణ గురించి ఎక్కువ చెప్పను. స్టమక్‌ని స్టొమాచ్ అనీ, హెడేక్‌ని హెడ్ ఆచ్ అనీ తెలుగులో అచ్చేశారు. గాయానికి ఊండ్ అనాలి, వీళ్ళు వౌండ్ అని రాశారు. వౌండ్ అంటే దారం చుట్టారని. పైగా బైకు మీంచి పడ్డవాడికి కూడా ఊండెడ్ వాడారు. ఆ మాట వింటే కత్తిపోటో, తుపాకీ దెబ్బో అనుకుంటారు. బైకు యాక్సిడెంట్‌కి ఇంజర్డ్ అంటే సరి. ఇంకా తేలిగ్గా, ఐ హర్ట్ మై నీ. అది నిన్న జరిగినా హర్టే, హర్టెడ్ అనే మాట లేదు.

నాకు అసలు బాధనిపించింది నొప్పి దగ్గర. మన భాషలో నొప్పికి ఎన్ని పేర్లున్నాయో ఒకసారి ఆలోచించండి. పన్ను సలుపుతుంది. కాళ్ళు పీకుతాయి. మెడ పట్టేస్తుంది. కడుపులో మెలిపెడుతుంది. చెవిలో పోటు, కంట్లో మంట, అరికాలు తిమ్మిరి. ఏది ఎక్కడ వాడాలో మా అమ్మకు ఎవరూ నేర్పలేదు. పుస్తకం వీటన్నిటినీ పెయిన్ అనే ఒక్క సంచిలో కుక్కేసింది. డాక్టర్‌కి తేడా కావాలి మరి. సలుపును త్రాబింగ్ అంటారు, లోపల చీము పట్టినప్పుడు తరచూ అలాగే ఉంటుంది. మంటకు బర్నింగ్. పోటుకు స్టాబింగ్. పట్టేసిన మెడకు స్టిఫ్ నెక్. తిమ్మిరికి పిన్స్ అండ్ నీడిల్స్, అచ్చంగా సూదులే. కాళ్ళు పీకడానికి సరిగ్గా అతికే మాట నాకూ దొరకలేదు, మై లెగ్స్ ఏక్ అని సరిపెట్టుకోవడమే.

ఛాతీ విషయంలో మాత్రం సరిపెట్టుకోకండి. గుండెల్లో మంట అంటే హార్ట్‌బర్న్. పేరులో హార్ట్ ఉందని కంగారొద్దు, అది పొట్టలోని యాసిడ్ పైకి తన్నడం. ఛాతీ మీద బండ పెట్టినట్టుంది, ఎడమ చేతిలోకో దవడలోకో లాగుతోంది అంటే అది వేరే సంగతి. మై చెస్ట్ ఫీల్స్ టైట్, ఇట్ ఈజ్ గోయింగ్ డౌన్ మై ఆర్మ్. ఈ రెండు ముక్కలు చాలు, గ్రామర్ చూసుకోవద్దు. మన దగ్గరైతే ముందు 108కి ఫోన్ చెయ్యండి. పుస్తకంలో గుండెల్లో మంట ఉంది, రెండోది లేదు.

కళ్ళు తిరగడం కూడా లేదు. మా బావ గల్ఫ్‌లో వెల్డింగ్ పని చేస్తాడు. ఎండలో ఒకరోజు కళ్ళు తిరిగి, క్యాంపులో నర్సు దగ్గరికెళ్ళి "మై ఐస్ ఆర్ రొటేటింగ్" అన్నాడట. ఆవిడ టార్చి వేసి కళ్ళు చూసి, కంటి చుక్కలు ఇచ్చి పంపింది. మేం ఇప్పటికీ నవ్వుకుంటాం గానీ, ఆ రోజు ఆయన బయట మెట్ల మీద కూలబడిపోయాడు. ఐ ఫీల్ డిజ్జీ అంటే సరిపోయేది.

ఇక జ్వరం. మనందరం బళ్ళో బట్టీ పట్టిన వాక్యం ఒకటుంది కదా, సెలవు చీటీది. యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్. జ్వరం లేకపోయినా రాసేవాళ్ళం. పుస్తకంలో తలనొప్పికీ సఫరింగే, జలుబుకీ సఫరింగే. తప్పేం కాదు గానీ మాట్లాడేటప్పుడు అలా ఎవరూ అనరు. ఐ హావ్ ఎ ఫీవర్, ఐ హావ్ ఎ కోల్డ్, అయిపోయింది. మూడు రోజుల నుంచి అనాలంటే ఫర్ త్రీ డేస్. సోమవారం నుంచి అంటే సిన్స్ మండే. మన "నుంచి" రెండింటికీ ఒకటే కాబట్టి సిన్స్ త్రీ డేస్ అనేస్తాం. నేనూ అన్నానుగా ఇందాక. దానికి టెన్షన్ పడక్కర్లేదు, మన దేశంలో ఏ డాక్టర్‌కైనా అర్థమవుతుంది. విదేశాలకు వెళ్ళేవాళ్ళు దీనికంటే ముఖ్యంగా మూడు గుర్తుపెట్టుకోండి. 102 జ్వరం అంటే చాలా దేశాల్లో తెల్లబోతారు, వాళ్ళ సెల్సియస్‌లో అది 38.9. లూజ్ మోషన్స్ అంటే కూడా అందరికీ తెలియదు, డయేరియా అనండి. నాకు బీపీ ఉంది అంటే బీపీ లేనిదెవరికి అంటారు, హై బ్లడ్ ప్రెషర్ అని పూర్తిగా చెప్పాలి.

వేడి చేసింది అన్నదానికి ఇంగ్లీషు అడక్కండి. బాడీ హీట్ అంటే థర్మామీటర్ పెడతారు. వేడి చేసి ఏమైందో అది చెప్పండి, నోట్లో పుండ్లా, మూత్రంలో మంటా అని.

అన్నీ తిడుతున్నానని అనుకోకండి. 70వ పేజీ ఒక్కటీ బంగారం. అక్కడ డాక్టర్ అడిగే ప్రశ్నలు ఇచ్చారు. వేర్ డజ్ ఇట్ హర్ట్? వెన్ డిడ్ ఇట్ స్టార్ట్? ఎనీ అలర్జీస్? ఆర్ యు ఆన్ ఎనీ మెడికేషన్? ఆ చివరిదానిలో ఆన్ అంటే మందుల మీద కూర్చోవడం కాదు, ఏమైనా మందులు వాడుతున్నారా అని. మనం చెప్పేది తయారు చేసుకుని వెళ్తాం గానీ, వాళ్ళు అడిగేది అర్థం కాక తలూపేస్తాం. అలర్జీ ప్రశ్నకు ఊరికే తలూపితే ఏమవుతుందో వేరే చెప్పాలా? ఈ పేజీ ఫోటో తీసి పెట్టుకోండి.

రేటింగ్ ఐదుకి రెండు. ఆ రెండూ ఆ పేజీకే. ఇప్పటికే కొన్నవాళ్ళు పారెయ్యకండి, పెన్సిల్ పట్టుకుని 61వ పేజీ ఖాళీలో మీరే ఒక మనిషి బొమ్మ గీసుకోండి. నేను గీశాను, చూడండి. తల కొంచెం పెద్దదైంది. పుస్తకం బావకి ఇచ్చేస్తున్నాను, వచ్చే వారం ప్రయాణం.

అమ్మకి వచ్చే నెల మళ్ళీ చూపించాలి. నిన్న రాత్రి ఈ బొమ్మ ముందేసుకుని నేర్పించాను. మడమ మీద వేలు పెట్టి "హీల్ అనమ్మా" అన్నాను.

"ఈలా?"

"ఈల కాదమ్మా, హీల్."

"డాట్రు ముందు ఈలెయ్యమంటావేటిరా? పో, నాను సెప్పిప్పి సూపిత్తాను."