హాష్ కలిసిందా? కలిస్తే ఏందంట!

మళ్లీ చెప్తన్నా, గట్టిగా చెప్తన్నా. హాష్ అంటే ఫైలు మొత్తాన్ని లెక్కగట్టి తీసే వేలిముద్ర లాంటి కోడు. అది కలిసినంత మాత్రాన ఫైలు మంచిదని కాదు. కాదంటే కాదు!

ఒంగోలు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఆ మెసేజీ చూసే ఉంటారు. క్రాక్ చేసిన, అంటే లైసెన్సు తాళం పగలగొట్టిన అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ లింకు, కింద ఎస్‌హెచ్‌ఏ-256 అనే రకం హాష్, 64 అక్షరాల తోక, "ఇది కలిస్తే ఒరిజినలే అన్నా" అని ఒక భరోసా. చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీల్లో జీఎస్టీ లెక్కలు రాసే పిల్లలు దాన్ని నమ్మి ఎక్కించుకుంటన్నారు!

ఒరిజినల్ ఎట్టా అవుద్దయ్యా? క్రాక్ చేశారంటేనే ఫైలుని మార్చారని. ఒక్క బైటు మారితే హాష్ మొత్తం మారిపోద్ది. అది కలిసేది వాడు మార్చిన ఫైలుతోనే! ఫైలూ వాడిదే, హాషూ వాడిదే. వడ్లు కొనే దళారి కాటా కూడా తనే తెచ్చి "తూకం చూసుకో" అన్నట్టుంది.

అమెరికాలో ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ నిస్ట్ నేషనల్ సాఫ్ట్‌వేర్ రిఫరెన్స్ లైబ్రరీ నడుపుతోంది. సాఫ్ట్‌వేర్లు తెప్పించి లోపలున్న ఒక్కో ఫైలుకీ హాష్ తీసి జాబితాలో పెడతారు. పోలీసు ల్యాబులో హార్డ్ డిస్కు తెరిస్తే లక్షల ఫైళ్లుంటయ్. విండోస్‌తో వచ్చినవన్నీ ఈ జాబితాతో పక్కన పెట్టేసి మిగతావి చూసుకుంటారు. ఎంత గొప్ప పని! కానీ అది తెలిసిన ఫైళ్ల జాబితా, మంచి ఫైళ్ల జాబితా కాదు. హ్యాకింగ్ టూల్స్ కూడా ఉన్నయ్ అందులో!

2017లో సీక్లీనర్ అనే కంప్యూటర్ శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్ సంగతి చూడండి. కంపెనీ సర్వర్ నుంచే, కంపెనీ డిజిటల్ సంతకంతోనే మాల్‌వేర్ కలిసిన వెర్షన్ 22 లక్షలకు పైగా మెషీన్లలోకి పోయింది. హాష్ చూసుకున్నోళ్లకి కూడా చక్కగా కలుస్తది.

ఇంకోటి, నాకు ఒళ్లు మండేది. 2024 జులై 1న అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికిచ్చే సర్టిఫికెట్‌లో ఇప్పటికీ ఎండీ5 అనే పాత రకం హాష్‌కి గడి ఉంది! 2004లోనే చైనా పరిశోధకురాలు షియావోయున్ వాంగ్ బృందం వేర్వేరు డేటాకి ఒకే ఎండీ5 వచ్చేట్టు చేసి చూపించింది. 20 ఏళ్లయింది, ఆ గడి తీసెయ్యడానికేం?

నా థియరీ ఒకటే. ఆ 64 అక్షరాల పొడుగు చూసి మనోళ్లు దణ్ణం పెడతన్నారు, అర్థం కానిదాన్ని అడగడానికి మొహమాటం. దాని మీదే బతుకుతన్నారు ఈ క్రాక్‌లు పంచేవాళ్లు.

అడగండి! "ఈ హాష్ యాడ్నుంచి తెచ్చావు? తయారుచేసిన కంపెనీ పేజీలో చూపించు" అనండి. చూపించలేకపోతే ఆ ఫైలు నాకు పంపండి. వచ్చే వీడియోలో లోపల ఏముందో విప్పి చూపిస్తా.