కొలాబ్ చలిలో గాలానికి వెళ్తున్నారా? ముందు ఈ జాకెట్ చూడండి

నమస్కారమండీ. ఒడిశాలోని జయపురం నుంచి మాట్లాడుతున్నాను. డిసెంబరు వచ్చిందంటే కొరాపుట్, సునాబెడ, సెమిలిగుడ, రాయగడ వైపున్న మన తెలుగువాళ్ళు ఒకటే అడుగుతారు. కొలాబ్ డ్యామ్ వెనకాల తెల్లవారుజామున గాలానికి వెళ్తున్నాం, ఏం కొనుక్కోమంటారు అని. ఈ చలికాలం నేను సొంత డబ్బుతో కొని వాడినవే ఇవాళ చూపిస్తున్నాను. ఏ కంపెనీవాళ్ళూ ఊరికే పంపినవి కావు.

గాలం కర్ర, రీలు, ఎర గురించి ఇవాళ చెప్పను. వాటి మీద మనందరం కావాల్సినంత ఖర్చు పెడుతూనే ఉన్నాం. నేను చెప్పేది ఇదిగో, దీని గురించి. లైఫ్ జాకెట్.

ఇది కొనడానికి కారణం మా అక్క కొడుకు. వాడు మినెసోటాలో ఉంటాడు. అక్కడ చలికాలంలో చెరువులకు చెరువులే గడ్డకట్టిపోతాయి. పైన గుండ్రంగా బెజ్జం తొలిచి, అందులోంచి గాలం వేసి చేపలు పడతారు. కిందటేడు ఫోన్‌లో వాడన్నాడు, "మావయ్యా, తేటగా గట్టిగా ఉన్న మంచు కనీసం 4 అంగుళాల మందం లేకపోతే మేం దాని మీద కాలు పెట్టం. తెల్లగా పాలిపోయిన మంచయితే దానికి రెట్టింపు చూసుకుంటాం. మెడలో రెండు మేకుల పిడులు వేలాడేసుకుంటాం, మంచు విరిగి పడిపోతే వాటిని గుచ్చి పైకి పాకడానికి. మరి మీరక్కడ పడవెక్కేటప్పుడు ఏం వేసుకుంటారు?" స్వెట్టర్ వేసుకుంటాంరా అన్నాను. వాడేమీ మాట్లాడలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదండీ.

మన కొలాబ్ గడ్డకట్టదు, నిజమే. కానీ జనవరి తెల్లవారుజామున ఇక్కడి నీళ్ళలో చెయ్యి పెట్టి చూడండి. గాలి కంటే నీళ్ళు మన ఒంట్లోని వేడిని సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తాయి. పడవలోంచి పడగానే మొదట ఊపిరి ఎగపోస్తుంది, తర్వాత వేళ్ళు బిగుసుకుపోతాయి. ఎంత ఈత వచ్చినా, వేళ్ళు పనిచేయకపోతే పడవ అంచు పట్టుకోలేరు.

రెండు జాకెట్లు తెప్పించాను. ఈ నల్లది 650, ఈ నారింజ రంగుది 1,900. దగ్గరగా చూడండి. నల్లదానికి భుజం దగ్గర కుట్టు ఒకే వరస. ఇలా రెండు చేతులా లాగితే దారం పళ్ళికిలిస్తోంది, కనబడుతోందా? లోపల స్పాంజి పల్చగా ఉంది, బొటనవేలితో నొక్కితే అవతలివైపు తగులుతోంది. లోపలివైపు చీటీ మీద సైజు తప్ప ఏమీ లేదు. నారింజదానికి చూడండి, ఎంత బరువున్న మనిషికో రాశారు, 100 న్యూటన్లు అని కూడా రాశారు, అంటే నీళ్ళలో మనిషిని పైకి తేల్చే బలం. ఈ అంకె చూసుకోకుండా కొనకండి. 50 అని ఉంటే అది ఈత బాగా వచ్చి, ఒడ్డుకు దగ్గర్లో ఉండేవాళ్ళకి. ఈత రానివాళ్ళు కూడా వేసుకోవాలంటే, డ్యామ్ లాంటి నిలకడ నీళ్ళలో కనీసం 100 ఉండాలి.

రెండూ వేసుకుని ఛాతీ లోతు నీళ్ళలో దిగి చూశాను. మా బావ పక్కనే నిలబడ్డాడు, ఒంటరిగా ఈ పని చేయకండి. నల్లది నీళ్ళలోకి దిగగానే పైకి జరిగి చెవుల దాకా వచ్చేసింది. మనిషి కింద, జాకెట్ పైన. నారింజది కాళ్ళ సందులోంచి పట్టీ ఉండబట్టి జరగలేదు, గడ్డం నీటికి పైనే ఉంది. ఇంట్లోనే చూసుకోవచ్చు: బకిల్సన్నీ బిగించి, ఎవరినైనా రెండు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. గడ్డం దాటి పైకి వచ్చిందంటే అది మీ సైజు కాదు. నల్లది వెనక్కి పంపేస్తున్నాను.

ఇప్పుడు టెంటు. టెంటు బాగుంది, ఇద్దరికి సరిపోతుంది, పొగమంచు లోపలికి రాదు. దీని గురించి చెప్పాల్సింది వేరే ఉంది, కాస్త ఆగి వినండి.

కిందటి జనవరిలో ఒడ్డున టెంటు వేసుకుని, బొగ్గుల కుంపటి లోపల పెట్టుకున్నాం. చలికి జిప్పు పూర్తిగా మూసేశాం. నిప్పులు ఎర్రగా ఉన్నాయి, పొగ లేదు, హాయిగా ఉంది. అరగంటకి నాకు తల బరువెక్కింది. బావ వికారంగా ఉందన్నాడు. ఖాళీ కడుపు కదా అనుకున్నాం. చోడంబలి తెచ్చుకుందామని లేవబోతే నా మోకాళ్ళు నిలబడలేదు. బావే ఎలాగో జిప్పు లాగి నన్ను బయటికి ఈడ్చాడు. మంచు పడుతున్న గడ్డి మీద పడుకుంటే గంటకి తల తేలికపడింది. అది కార్బన్ మోనాక్సైడ్. బొగ్గు మండినప్పుడు పుట్టే గ్యాసు. రంగు లేదు, వాసన లేదు. పొగ లేదు కదా అని మనం ధైర్యంగా ఉంటాం, అది నిద్రలోకి తీసుకెళ్ళిపోతుంది. ఆ రాత్రి మేమిద్దరం కునుకు తీసుంటే ఈ వీడియో లేదు.

మినెసోటాలో గడ్డకట్టిన చెరువుల మీద గుడిసెలు వేసుకుని లోపల హీటరు పెట్టుకునే వాళ్ళకీ ఇదే భయమట. అందుకే గాలి ఆడే కంతలు తెరిచే ఉంచుతారు, ఈ గ్యాసు పసిగట్టి అరిచే చిన్న అలారం వేలాడేస్తారు. నేనూ ఒకటి కొన్నాను, ఇదిగో. కానీ అలారం ఉందని కుంపటి లోపల పెట్టకండి, దయచేసి. కుంపటి బయటే. చలి కాచుకుని లోపలికి రండి.

మరి లోపల వెచ్చగా ఎలా? బట్టలతో. ఒంటిని ఆనుకుని నూలు బనియను వద్దు. చెమట పీల్చుకుని తడిగా ఉండిపోతుంది, ఆ తడే వణికిస్తుంది. లోపల చెమట ఆరిపోయే పాలిస్టర్ బనియను, దాని మీద ఊలు స్వెట్టరు, పైన గాలి దూరని జాకెట్. రోడ్డు నుంచి ఒడ్డుకు నడిచేటప్పుడు పైజాకెట్ విప్పి చేతిలో పట్టుకోండి, చెమట పట్టనివ్వకండి. మంకీ క్యాప్, ఇంకో జత సాక్సు ప్లాస్టిక్ కవర్లో.

ఫ్లాస్కు లీటరుది. రాత్రి పదింటికి మరిగే నీళ్ళు పోస్తే ఉదయం ఆరింటికి కూడా టీ కలుపుకునేంత వేడిగా ఉన్నాయి. మందు తాగితే వెచ్చగా ఉంటుందనేవాళ్ళు ఉంటారు. చర్మానికి వెచ్చగా అనిపిస్తుంది, లోపలి వేడి బయటికి పోతుంది. పడవెక్కేవాడికి అసలే వద్దు.

తలకు కట్టుకునే లైటు ఏదైనా పరవాలేదు, బ్యాటరీలు కొత్తవి వేయండి. ఫోను నీళ్ళు దూరని సంచిలో. చాలాచోట్ల సిగ్నల్ ఉండదు కాబట్టి ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో ఇంట్లో చెప్పి వెళ్ళండి. లైఫ్ జాకెట్‌కి ఈల కట్టుకోండి, పది రూపాయల ఈల. పొగమంచులో ఒడ్డు ఎటుందో తెలియక మేం అరిచిన అరుపులు మాకే వినబడలేదొకసారి. ఈల శబ్దం మాత్రం గట్టు మీదున్న బావకి అందింది. మంచు విడేదాకా పడవ తీయకపోతే ఇంకా మంచిది. బొచ్చెలు, శీలావతులు ఎండెక్కాక కూడా ఎరకి వస్తాయి. ఇంకొకటి, అక్కడ వలలు వేసుకుని బతికేవాళ్ళని ముందే అడిగి, వాళ్ళు చెప్పిన చోటే కూర్చోండి.

పోయిన వీడియో కింద ఒక చెల్లెమ్మ అడిగారు, పిల్లల్ని తీసుకెళ్ళొచ్చా అని. పెద్దవాళ్ళ జాకెట్ పిల్లలకి తొడగకండమ్మా, నీళ్ళలో వాళ్ళు కిందనుంచి జారిపోతారు. పిల్లల బరువుకి తగ్గది, మెడ వెనక దిండు ఉన్నది వేరే వస్తుంది. జయపురంలో రెండు షాపులు తిరిగాను, దొరకలేదు. అది వచ్చేదాకా మా చిన్నోడు గట్టు మీద వాళ్ళమ్మ పక్కనే కూర్చుని బెండు వంక చూస్తుంటాడు.