ఒక్క నీలం మాత్ర: డాలస్ పక్కన క్యారల్టన్‌లో ఏం జరిగింది?

(తెర మీద: డాలస్‌కు ఉత్తరాన, పడమరన ఉన్న ఊళ్ల మ్యాప్. ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో, క్యారల్టన్.)

నమస్కారం. ఈ మ్యాప్‌లో కనిపిస్తున్న ఊళ్లలో మీ చుట్టాలో, స్నేహితులో ఎవరో ఒకరు ఉండే ఉంటారు. వేల తెలుగు కుటుంబాలు ఉంటున్న ప్రాంతం ఇది. ఇందులో క్యారల్టన్ చూడండి. 2022 సెప్టెంబరు నుంచి 2023 ఫిబ్రవరి మొదటి రోజుల దాకా ఇక్కడి స్కూలు పిల్లల్లో 10 ఓవర్‌డోసులు జరిగాయని ఫెడరల్ కోర్టు పత్రాల్లో ఉంది. ముగ్గురు చనిపోయారు. బాధితుల వయసు 13 నుంచి 17 ఏళ్లు. ఆర్.ఎల్. టర్నర్ హైస్కూలుకు దగ్గర్లోని ఒక ఇంటి నుంచి, దీనికి కారణమైన నకిలీ మాత్రలు వచ్చాయని దర్యాప్తు అధికారులు చెప్పారు.

(తెర మీద: లేత నీలం మాత్ర. ఒకవైపు 'ఎం', రెండోవైపు '30'.)

పిల్లలు వీటిని పెర్క్స్, బ్లూస్ అంటారు. చూడటానికి డాక్టర్లు నొప్పికి రాసే ఆక్సీకోడోన్ మాత్రలాగే ఉంటుంది. లోపల ఉండేది మాత్రం ఫెంటనిల్.

ఫెంటనిల్ అసలు ఆస్పత్రి మందే. ఆపరేషన్లప్పుడు మైక్రోగ్రాముల లెక్కన, మత్తు డాక్టరు పక్కనే ఉండి ఇస్తారు. మార్ఫిన్ కంటే దాదాపు 100 రెట్లు బలమైనది. అమెరికా మాదకద్రవ్యాల నిరోధక సంస్థ డీఈఏ లెక్క ప్రకారం 2 మిల్లీగ్రాములు ప్రాణం తీయగలవు. అది పెన్సిల్ మొన మీద పట్టేంత. నకిలీ మాత్రల్లో ఎక్కువ భాగం మెక్సికోలో, చైనా నుంచి తెప్పించిన రసాయనాలతో తయారవుతాయి. పొడి కలిపేవాడికి తూకం ఉండదు, ల్యాబ్ ఉండదు. పులిహోరలో ఉప్పు సరిగ్గా కలవకపోతే ఒక ముద్ద చప్పగా, ఇంకో ముద్ద నోట పెట్టలేనంత ఉప్పగా ఉంటుంది కదా, అలాగే ఒకే బ్యాచ్‌లో ఒక మాత్ర మత్తుతో ఆగితే ఇంకొకటి ఊపిరి ఆపేస్తుంది. 2023లో డీఈఏ పరీక్షించిన ఫెంటనిల్ నకిలీ మాత్రల్లో ప్రతి పదింటిలో ఏడింట్లో ప్రాణం తీయగల మోతాదు ఉంది.

"మా వాడికి అలవాట్లేమీ లేవండీ" అంటారు చాలామంది. అందుకే నాకు ఎక్కువ భయం. ఓపియాయిడ్లు, అంటే మార్ఫిన్, ఫెంటనిల్ లాంటి మందులు, అలవాటు లేని శరీరమే ఈ మందుకు త్వరగా లొంగిపోతుంది. పరీక్షల టెన్షన్‌కో, నిద్ర పట్టకో, ఫ్రెండ్ ఇచ్చాడనో ఒక్కసారి వేసుకున్నా చాలు.

2022లో అమెరికాలో ఓవర్‌డోస్‌తో దాదాపు 1,08,000 మంది చనిపోయారు. అందులో మూడింట రెండొంతులకు పైగా ఫెంటనిల్ లాంటి సింథటిక్ ఓపియాయిడ్ల వల్లే. 2024లో మొత్తం మరణాలు దాదాపు 80,000కు తగ్గాయి. తగ్గాక ఉన్న లెక్క అది!

టెక్సాస్ 2023లో చట్టాలు చేసింది. ఆరో తరగతి నుంచి పిల్లలకు ఫెంటనిల్ గురించి చెప్పాలి, ఓపియాయిడ్ ఓవర్‌డోస్‌కు విరుగుడుగా పనిచేసే నాలాక్సోన్ మందును స్కూళ్లలో ఉంచాలి. మంచిదే. అయితే స్కూలు మూడింటికో నాలుగింటికో వదిలేస్తారు. ఆ తర్వాత పిల్లలు ఇంట్లోనే ఉంటారు, గది తలుపు వేసుకుని.

ఇక్కడ మన ఇళ్ల గురించి ఒక మాట చెప్పాలి. "నాన్నకి తెలిస్తే చంపేస్తాడు" అనే భయం ఉన్న పిల్లలు, పక్కన ఫ్రెండ్ పడిపోయినా అమెరికా ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోన్ చేయరు. నిద్రపోతున్నాడులే అని దుప్పటి కప్పి వెళ్లిపోతారు. పరువు గురించి మనం ఇంట్లో అనే ప్రతి మాటా వాళ్లు వింటున్నారు. ఈ రాత్రే చెప్పండి: "ఏం తప్పు జరిగినా సరే, ముందు ఫోన్ చెయ్యి. తిట్టను."

(తెర మీద: ముక్కులో కొట్టే నాలాక్సోన్ స్ప్రే.)

ఇది నాలాక్సోన్, నార్కాన్ పేరుతో దొరుకుతుంది. 2023 సెప్టెంబరు నుంచి అమెరికా ఫార్మసీల్లో ప్రిస్క్రిప్షన్ లేకుండానే కొనుక్కోవచ్చు. రెండు డోసుల పెట్టె సుమారు 45 డాలర్లకు అమ్మకానికి వచ్చింది. జ్వరం మందు పక్కనే పెట్టుకోండి. ఎక్కడుందో పిల్లలకీ తెలియాలి.

పిలిచినా, ఛాతీ మధ్య ఎముక మీద పిడికిలితో గట్టిగా రుద్దినా లేవకపోతే, ఊపిరి బాగా నెమ్మదిస్తే, గొంతులో గురగుర వినిపిస్తే, పెదవులు నీలంగానో బూడిద రంగులోనో మారితే ఆలస్యం చేయకండి. 911కి ఫోన్ చేయండి. వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వంచి, ఒక ముక్కు రంధ్రంలో స్ప్రే కొట్టండి. ఊపిరి లేకపోతే నోటితో ఊదండి. రెండు మూడు నిమిషాల్లో మార్పు రాకపోతే రెండోది ఇంకో రంధ్రంలో. అది ఫెంటనిల్ కాకపోయినా ఈ స్ప్రే వల్ల ప్రమాదం ఉండదు, కాబట్టి అనుమానంతో ఆగిపోవద్దు.

లేచి కూర్చుని "నాకేం కాలేదు, బాగానే ఉన్నా" అన్నా అంబులెన్స్‌ను వెనక్కి పంపకండి. నాలాక్సోన్ పనిచేసేది 30 నుంచి 90 నిమిషాలే. ఒంట్లో ఫెంటనిల్ అంతకంటే ఎక్కువసేపు ఉండొచ్చు, ఊపిరి మళ్లీ ఆగొచ్చు.