ఆర్కెస్ట్రా అంటే ఎవరు?

సభకు నమస్కారం.

పెళ్లి ముహూర్తం కుదరగానే మన పర్లాకిమిడిలో ఎవరో ఒకరు అడుగుతారు, "ఆర్కెస్ట్రా ఎవరికి చెప్పారు?" అని. పక్కింటి ఒడియా వాళ్లయితే అదే జట్టును "మెలోడీ" అంటారు. ఇద్దరు గాయకులు, ఒక కీబోర్డు, డ్రమ్ములకు ఒక ప్యాడ్, బడ్జెట్ ఉంటే తబలా. మనకు ఆర్కెస్ట్రా అంటే ఇదే.

మాట మాత్రం గ్రీకులది. వాళ్లకు ఆర్కెస్ట్రా అంటే మనుషులు కాదు, చోటు. నాటకశాలలో బృందం పాడుతూ నాట్యమాడే గుండ్రటి నేల. నాట్యమాడటం అనే క్రియ నుంచే ఆ పేరు వచ్చింది. 1600 ప్రాంతంలో ఇటలీలో ఒపెరా పుట్టింది. వేదిక ముందు చోటులో వాయించేవాళ్లు కూర్చోవడంతో, పోనుపోను ఆ చోటు పేరు వాళ్లకే అంటుకుంది. అమెరికా థియేటర్లలో ఇప్పటికీ కింది అంతస్తు సీట్లను ఆర్కెస్ట్రా అనే అంటారు. టికెట్ మీద ఆ మాట చూసి వాద్యాల మధ్య కూర్చోబెడతారేమోనని కంగారు పడొద్దు.

పాశ్చాత్యుల సింఫనీ ఆర్కెస్ట్రాలో ఎనభై, తొంభై మంది కూడా ఉంటారు. ముందుగా ఓబో అనే ఊదే వాద్యం ఒక స్వరం పలికితే మిగతావాళ్లు దానికి శ్రుతి చేసుకుంటారు. మన దేశంలో ఆకాశవాణి 1952లో ఢిల్లీలో వాద్యబృందాన్ని పెట్టి రవిశంకర్ గారి చేతికిచ్చింది. అందులో సితార్, వేణువు వంటివి కలిసి వాయించారు.

మరి మన వాడకం తప్పా? జనం మాట్లాడే తెలుగే తెలుగని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరిది. ఇక్కడ నిలబడి ఆ మాట నేననలేను. పైగా చిన్న జట్టుకు విలువేం తక్కువ? సినిమాల్లో నిలదొక్కుకోకముందు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు నడిపిన జట్టులో ఇళయరాజా గారు వాయించేవారు.

నా పేచీ వేరే. మన పోస్టర్ల మీద గాయకుల ఫోటోలుంటాయి, కీబోర్డు కుర్రాడి పేరు ఓ మూలనైనా ఉండదు. ఆర్కెస్ట్రా అనే పేరేమో వాయించేవాళ్లది, ఫోటో పాడేవాళ్లది! ఇప్పుడైతే ఆ కుర్రాణ్ణీ తీసేసి, పెన్‌డ్రైవ్‌లో ట్రాక్ పెట్టి పాడేస్తున్నారు. పాడుకోండి, బాగానే ఉంటుంది. కానీ అక్కడ వాయించే మనిషి ఒక్కడూ లేనప్పుడు "సింగర్స్" అని వేయించండి, రేటు కూడా ఆ లెక్కనే మాట్లాడుకోండి.