వీడియో ఆపాక మొదలయ్యే చదువు

అందరికీ నమస్కారం.

ఆన్‌లైన్ వీడియోలు చూసి సైన్సు, సంస్కృతి నేర్చుకోవచ్చా అన్నది ఇవాళ్టి విషయం. నేర్చుకోవచ్చు, అందులో నాకు అనుమానం లేదు. కాకపోతే చూసేసి ఊరుకుంటే దక్కేది తక్కువ. చూసినదాని గురించి నలుగురితో మాట్లాడి, నచ్చనిచోట అడ్డు ప్రశ్న వేసి, మనకు అర్థమైనంత మన మాటల్లో చెప్పి చూసుకున్నప్పుడే అది వంటబడుతుంది.

ఒక సంగతి చెబుతాను. 2013లో స్టీవ్ మౌల్డ్ అనే ఆయన యూట్యూబ్‌లో ఒక ప్రయోగం చూపించాడు. జాడీ నిండా పొడవాటి పూసల గొలుసు. దాని కొస పట్టుకుని అంచు మీదుగా కిందికి వదిలాడు. గొలుసు జరజరా జారి పడిపోతుందని ఎవరైనా అనుకుంటారు. పడింది కూడా. కానీ పడే వేగం పెరిగేకొద్దీ జాడీ అంచును వదిలేసి పైకి లేచింది, గాలిలో వంపు తిరిగి అప్పుడు కిందికి దిగింది. ఎవరూ పైకి లాగకుండానే!

చూసినవాళ్ళకు ఒకటే ప్రశ్న: ఎందుకు లేచింది? కేంబ్రిడ్జ్‌లో జాన్ బిగిన్స్, మార్క్ వార్నర్ అనే ఇద్దరు భౌతిక శాస్త్రవేత్తలు దాన్ని పట్టుకుని లెక్కలు కట్టి, 2014లో రాయల్ సొసైటీ పత్రికలో వ్యాసం రాశారు. వాళ్ళు చెప్పింది అర్థం కావాలంటే బల్ల మీద ఒక పెన్సిలు పడుకోబెట్టండి. ఒక కొసను చటుక్కున పైకి ఎగలాగితే పెన్సిలు తన నడిమి చుట్టూ తిరగబోతుంది, అంటే రెండో కొస కిందికి పోవాలి. కింద బల్ల ఉంది, పోలేదు. కాబట్టి ఆ కొస బల్లను నొక్కుతుంది, బల్ల దాన్ని పైకి తంతుంది. గొలుసులో పక్కపక్కన ఉన్న పూసలు కూడా అలాంటి చిన్న కడ్డీలాగే పనిచేస్తాయనీ, కుప్పలోంచి లేచే ప్రతి ముక్కకూ కింద నుంచి ఓ తోపు అందుతుందనీ వాళ్ళ వాదన.

అక్కడితో అయిపోలేదు. 2021లో ఎలక్ట్రోబూమ్ ఛానల్ నడిపే మెహ్దీ సదఘ్దార్ ఈ వివరణ ఒప్పుకోనన్నాడు. మౌల్డ్ జవాబు వీడియో చేశాడు. ఇద్దరూ ప్రయోగాలు చేసి చూపిస్తూ వాదించుకున్నారు. ఆ వరస మొత్తం చూసినవాళ్ళకు గొలుసు సంగతి ఒక్కటే తెలియలేదు. ఒక వాదన నిలబడాలంటే దేన్ని కొలవాలి, ఏ ప్రయోగం ఇద్దరిలో ఎవరి మాట తేలుస్తుంది అన్న ఆలోచన పట్టుబడింది. ఇంత మంచి సైన్సు పాఠం ఏ ఒక్క వీడియోలోనూ ఇమడదని నా నమ్మకం.

వీడియోతో ఇంకో చిక్కుంది. అది ఎంత బాగా చెబితే అంత ప్రమాదం. వెరిటాసియం అనే సైన్సు యూట్యూబ్ ఛానల్ నడిపే డెరెక్ ముల్లర్ సిడ్నీ విశ్వవిద్యాలయంలో 2008 నాటి తన పీహెచ్‌డీలో దీన్నే పరిశోధించాడు. భౌతిక శాస్త్రం నేర్పే వీడియోలను విద్యార్థులకు చూపించి, ముందూ వెనకా పరీక్ష పెట్టాడు. విషయాన్ని తేటగా వివరించిన వీడియో చూసినవాళ్ళు "చాలా క్లియర్‌గా ఉంది" అన్నారు, మార్కులు మాత్రం పెద్దగా పెరగలేదు. తెర మీద ఒక విద్యార్థి మామూలుగా జనానికుండే తప్పుడు అభిప్రాయాలు చెబుతుంటే, ఇంకొకరు వాటి మీద చర్చించే వీడియో కూడా చూపించాడు. అది చూసినవాళ్ళు "కన్ఫ్యూజింగ్‌గా ఉంది" అన్నారు, కానీ నేర్చుకున్నది వాళ్ళే ఎక్కువ. పైకి విసిరిన బంతి మీద ఇంకా పైకి తోసే బలం ఉందన్న తప్పుడు అభిప్రాయం మనలో చాలామందికి లోపల ఉంటుంది. తేటైన వివరణ దాన్ని కదిలించదు. మనకు ముందే తెలిసిందే చెబుతున్నారనుకుని తల ఊపేస్తాం.

సంస్కృతి విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి, ఎందుకంటే అక్కడ తప్పు పోయేది సాటి మనుషుల గురించి. 1922లో రాబర్ట్ ఫ్లాహర్టీ కెనడా ఉత్తరాన ఉండే ఇన్యూట్ ప్రజల మీద తీసిన డాక్యుమెంటరీని ప్రపంచం నిజమని నమ్మింది. అప్పటికే వాళ్ళు తుపాకులతో వేటాడుతున్నారు, ఆయన బల్లేలతో వేటాడించాడు. మంచు ఇంటి లోపల కెమెరాకు వెలుతురు చాలదని ఒక పక్క తెరిచిన ఇల్లు కట్టించాడు. సగం లేని ఆ ఇంట్లో వాళ్ళు నిద్రపోతున్నట్టు, లేస్తున్నట్టు చూపించాడు. చూసినవాళ్ళకు గోడ లేదని తెలిసే దారే లేదు. ఇన్యూట్ వాళ్ళే 1990లో ఇసుమా అనే సొంత నిర్మాణ సంస్థ పెట్టుకున్నారు, జకరియాస్ కునుక్ అందులో ముఖ్యుడు. 2008లో ఇసుమా టీవీ పేరుతో ఇంటర్నెట్‌లో వాళ్ళ భాషలో, వాళ్ళు తీసిన వీడియోలు పెట్టారు. ఒక జాతి గురించి వీడియో కనబడగానే కెమెరా ఎవరి చేతిలో ఉందో, ఆ జాతివాళ్ళు దాని గురించి ఏమంటున్నారో వెతకండి. వీలైతే వాళ్ళనే అడగండి. అడిగేటప్పుడు వినడానికి సిద్ధంగా ఉండండి.

చర్చ అంటే గెలవడమని చాలామంది టెన్షన్ పడతారు. "మీకెలా తెలుసు?" అని మర్యాదగా అడగడం చాలు, అదే మాట ఎదుటివాళ్ళు అడిగితే చిన్నబుచ్చుకోకపోవడం చాలు. ఒక పని మాత్రం తప్పకుండా చేయండి, ఆటోప్లే ఆపేయండి. ఆలోచన మొదలయ్యే లోపే ఇంకో వీడియో వచ్చి పడుతుంటే మాట్లాడుకునే తీరికేదీ?

ఇప్పుడు మీకో చిన్న వీడియో చూపిస్తాను. 1971లో అపోలో 15 యాత్రలో డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద నిలబడి ఒక చేతిలో సుత్తి, ఇంకో చేతిలో డేగ ఈక పట్టుకుని రెండూ ఒకేసారి వదిలాడు. రెండూ ఒకేసారి నేలకు తాకాయని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. అందుకని ప్రశ్న మారుస్తున్నాను. సుత్తి ఈక కంటే ఎన్నో రెట్లు బరువు, చంద్రుడు దాన్ని అన్ని రెట్లు గట్టిగా లాగుతాడు. మరి అది ముందు ఎందుకు పడలేదు? గాలి లేదు కాబట్టి అంటే సరిపోదు. మీ జవాబు రెండు వాక్యాల్లో కాగితం మీద రాసి పక్కవాళ్ళకు చూపించండి, తేడా వస్తే వాదించుకోండి. ఐదు నిమిషాలు టైముంది. వీడియో ఆ తర్వాతే వేస్తాను.